చదరంగం గళ్ళలో ఏడు ప్రధాన సంఖ్యలు

మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేస్తూ చదరంగంలోని 64 గళ్ళూ నింపితే ఎన్ని గింజలు కావాలి? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే దాదాపు 46,000 కోట్ల టన్నులు. మదనపల్లె టమాటా మార్కెట్టుకు వచ్చే లారీలన్నీ కట్టుకున్నా తరలించలేని సరుకు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో మన పిల్లలు చాలామంది ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతారు. ఈ సంఖ్య వారికి రెండు వైపులా చుట్టమే. 11వ శతాబ్దపు పావులూరి మల్లన, మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేస్తూ దీన్ని ఒక పద్యంలో ఇమిడ్చాడు. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడాడు: బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి చదువుకుంటూ పోవాలి. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన ‘అల్ ఆసారుల్ బాఖియా’లో ఇదే సంఖ్యను లెక్కగట్టాడు. ఆయన చూపిన కిటుకు చక్కనిది. అయిదో గడిలో 16 గింజలు. 16ను 16తో గుణిస్తే 256, అది తొమ్మిదో గడి. 256ను దానితోనే గుణిస్తే పదిహేడో గడి. మరో రెండుసార్లు ఇలాగే చేస్తే, ఉంటే గింటే 65వ గడిలో ఉండాల్సిన సంఖ్య వస్తుంది. అందులోంచి ఒకటి తీసేస్తే 64 గళ్ళ మొత్తం.

ఎందుకు ఒకటి తీయాలి? ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా పోసిన మొత్తం, తర్వాతి గడిలోని దానికన్నా ఒకటి తక్కువ. 1, 2, 4 కలిపితే 7. తర్వాతి గడిలో 8. ఈ చిన్న విషయం తెలిసినవారిని గొలుసుకట్టు పథకాలవాళ్ళు మోసం చేయలేరు. ఒక్కొక్కరూ ఇద్దరిని చేర్చాలంటారు కదా! గొలుసు ఎక్కడ తెగినా, చిట్టచివరి వరుసలో ఉన్నవారు పైనున్న అందరికన్నా ఒకరు ఎక్కువే. అంటే డబ్బు కట్టి ఎవరినీ చేర్చలేకపోయినవారు ఎప్పుడూ సగానికి పైనే. 31వ వరుస చేరేసరికి 214 కోట్ల మంది కావాలి. మన దేశంలోనే అంతమంది లేరు.

ఇప్పుడు కారణాంకాలు. ఒకటి తక్కువైన ఈ సంఖ్యను విడగొట్టడానికి తొమ్మిదో తరగతి సూత్రం చాలు: రెండు వర్గాల భేదం. మొదటి రెండు గళ్ళ మొత్తం 3. నాలుగు గళ్ళది 15, అంటే 3 × 5. ఒక పూర్తి వరుసది 255, అంటే 3 × 5 × 17. రెండు వరుసలకు 257 వచ్చి చేరుతుంది, నాలుగు వరుసలకు 65,537. గళ్ళు రెట్టింపయినప్పుడల్లా పాత కారణాంకాలు అలాగే ఉండి, కొత్తది ఒకటి వస్తోంది.

బల్ల మొత్తం నిండేటప్పుడు చేరేది 4,29,49,67,297. ఇదీ ప్రధాన సంఖ్యేనని ఫ్రాన్సు దేశపు ఫెర్మా 17వ శతాబ్దంలో నమ్మాడు. కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు: అది 641 × 67,00,417. ఆయిలర్ పద్ధతిలో, దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది! చేతిలో పెన్సిలున్న ఏ పిల్లవాడైనా చేయగల పని.

కాబట్టి మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కొక్కటి ఒక్కసారే వస్తుంది గనుక భాజకాలు మొత్తం 128.

అన్ని పెద్ద సంఖ్యలూ ఇంత సులువుగా లొంగవు. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఆ మొండితనం మీదే ఆధారపడింది. అందులో సాధారణంగా వాడే 617 అంకెల సంఖ్యను విడగొట్టడం నేటి కంప్యూటర్లకూ సాధ్యం కావడం లేదు.

ఇంట్లో పిల్లలతో చేయించండి: మూడు వరుసల, అంటే 24 గళ్ళ, మొత్తం 1,67,77,215. దీన్ని 4,095 × 4,097గా విడగొట్టి ముందుకు సాగాలి. ఇందులో 257 రాదు. 7, 13, 241 వస్తాయి, 3 రెండుసార్లు వస్తుంది.