మన ఇంటి చరిత్రను మనమే వెతుకుదాం



సాంఘికశాస్త్రంలో రాజుల వంశవృక్షాలు మనం కంఠతా పడతాం. రుద్రమదేవి తండ్రి ఎవరంటే టక్కున గణపతిదేవుడని చెబుతాం. మీ ముత్తాత పేరేమిటంటే మాత్రం మనలో చాలామంది నోరు మెదపలేం. చదువుకోని ఇళ్ళలో పేర్లు పెద్దల నోళ్ళలోనే ఉంటాయి. ఆ పెద్దలు పోతే పేర్లూ పోతాయి. అందుకే ఈ వ్యాసం. దీన్ని పాఠంలా చదవండి, చదివాక పని మొదలుపెట్టండి.

ఎందుకు వెతకాలి?

మొదటి కారణం గౌరవం. వెట్టి చేసినవారు, చెరువులు తవ్వినవారు, చెప్పులు కుట్టినవారు, మగ్గం నేసినవారు మన ముందుతరాలవారు. వారి పేర్లు మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

రెండవ కారణం భూమి. ప్రభుత్వం పేదలకు పంచిన భూములను అసైన్డ్ భూములంటారు. వాటి అన్యాక్రాంతాన్ని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. తరువాత రెండు రాష్ట్రాల్లోనూ ఆ చట్టానికి సవరణలు జరిగాయి కనుక ఇప్పటి నియమాన్ని తహసీల్దారు కార్యాలయంలో తెలుసుకోవాలి. తాతకు పట్టా ఇచ్చారన్న సంగతే తెలియకపోతే ఏ చట్టమైనా మనకెలా ఉపయోగపడుతుంది?

మొదట నోటిమాట

కాగితాల కంటే ముందు ఇంట్లో పెద్దలను అడగాలి. “అవ్వా, నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు?” అంటే ఆమెకు తెలియకపోవచ్చు. “దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్ళయిందా అవ్వా?” అని అడిగితే వెంటనే చెబుతుంది. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. తెలంగాణలో అయితే పోలీసు చర్య గుర్తు, అది 1948 సెప్టెంబరు. రాయలసీమలో తాతముత్తాతల మాటగా వినిపించే ధాత కరువు 1876-78 నాటిది.

కొందరు పెద్దలు తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. ఖర అంటే 1951-52. అరవై ఏళ్ళకు మళ్ళీ అదే పేరు వస్తుంది కాబట్టి 1891-92 కూడా ఖరే, 2011-12 కూడా ఖరే. మనిషి వయసును బట్టి ఏది సరిపోతుందో తేల్చుకోవాలి.

అమ్మమ్మను, నాయనమ్మను అడిగేటప్పుడు వారి పుట్టింటి పేరు, పుట్టిన ఊరు తప్పక రాసుకోండి. కాగితాల్లో ఆడవారి జాడ అక్కడే తెగిపోతుంది.

మాదిగల కులచరిత్రను డక్కలివారు తరతరాలుగా పాడుతూ, చెబుతూ కాపాడుతున్నారు. వారు మీ ఊరికి వస్తే కూర్చుని వినండి.

కాగితాలు ఎక్కడ ఉంటాయి?

1. ఇంట్లో: రేషన్ కార్డు, పాత పట్టా, శిస్తు రసీదు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పెళ్ళి శుభలేఖ. ట్రంకు పెట్టె అడుగున ఉన్నవాటిని పారేయనివ్వకండి.

2. బడిలో: అడ్మిషన్ రిజిస్టరు. నాన్న చదివిన బడిలో తాత పేరు, కులం, ఊరు దొరుకుతాయి.

3. తహసీల్దారు కార్యాలయంలో: ఆంధ్ర ప్రాంతంలో అడంగల్, తెలంగాణలో పహాణీ. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ చాలా ముఖ్యం. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు కూడా అడిగి చూడాలి. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒకచోట, అనుభవదారు పేరు మరోచోట ఉంటాయి. దున్నినవాడి పేరు రెండవచోట దొరకవచ్చు.

4. పంచాయతీ, మునిసిపల్ కార్యాలయాల్లో: జనన మరణ రిజిస్టర్లు.

5. చర్చిలో: క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

6. సముద్రం దాటినవారికి: మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తరువాత తెలుగువారు ఎందరో అలా వెళ్ళారు. ఆ ఓడల పట్టికల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసి ఉన్నాయి. మీ ఇంట్లో “మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు” అనే మాట ఉంటే దాన్ని కొట్టిపారేయకండి.

కార్యాలయంలో నకలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అమ్మ పేరునో నాన్న పేరునో దరఖాస్తు పెట్టించండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

కాగితాన్ని ఎలా చదవాలి?

ఫసలీ: పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1364 అంటే 1954-55.

ఊరి చిరునామా: మండలాలు 1985లో వచ్చాయి. అంతకు ముందు తాలూకాలే. జిల్లాలు కూడా తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మారాయి. కనుక మీ ఊరు అప్పట్లో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో ముందు తెలుసుకోవాలి.

పుట్టిన తేదీ: మన అమ్మానాన్నలలో ఎంతోమంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్టు బడి రిజిస్టర్లలో కనిపిస్తుంది. బడి తెరిచే నెలలవి! చేర్చుకునే రోజున పంతులుగారు అంచనాగా వేసిన తేదీ అది. ఉద్యోగానికి అదే చెల్లుతుంది కానీ అసలు పుట్టినరోజు అదేనని నమ్మలేం.

పేరు: ఇంట్లో పోశయ్య తాత కాగితంలో “పోశిగాడు” కావచ్చు. అది చూసి మనసు చివుక్కుమంటుంది. అయినా నకలులో దిద్దకండి, ఉన్నదున్నట్టు రాసుకోండి. రాసినవారు మనవాళ్ళను ఎలా చూశారో చెప్పే సాక్ష్యం అది. పక్కన మీ చేత్తో “పోశయ్య గారు” అని రాయండి.

ఒక్క కాగితాన్ని బట్టి ఏదీ తేల్చవద్దు. పేరు, తండ్రి పేరు, ఊరు, కాలం కలిస్తేనే ఆ మనిషి మన మనిషి.

ఆరు ఆదివారాల పని

ఒంటరిగా చేస్తే మధ్యలో ఆగిపోతుంది. ఐదుగురు చొప్పున జట్లు కట్టండి.

మొదటి ఆదివారం: ఎవరికి తెలిసినంత వారు మూడు తరాల వంశవృక్షం గీయాలి. తెలియనిచోట ఖాళీ ఉంచాలి.

రెండవ ఆదివారం: ఖాళీలను బట్టి పెద్దలను అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకోవాలి. ఒకరు అవ్వగా, ఒకరు మనవడిగా కూర్చుని అడగడం అభ్యాసం చేయాలి.

తరువాత దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో ఇంటికెళ్ళి అడిగి రావాలి.

మూడవ ఆదివారం: తెచ్చిన కబుర్లు జట్టులో చదవాలి. ఒకరి ఊరి సంఘటన మరొకరి తాత వయసు తేల్చడానికి పనికొస్తుంది.

నాలుగవ ఆదివారం: కాగితాల నకళ్ళు ఒకరివి ఒకరు చదవాలి. మన కంటికి ఆనని అక్షరం పక్కవాడి కంటికి ఆనుతుంది.

ఐదవ ఆదివారం: రెవెన్యూ, విద్యాశాఖల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులను పిలిచి సందేహాలు తీర్చుకోవాలి. అన్నలారా, అక్కలారా, ఈ ఒక్కరోజు మా కోసం కేటాయించండి.

ఆరవ ఆదివారం: ఒక్కొక్కరు రెండు పేజీలు రాసి, ప్రతి మాట పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో గుర్తు పెట్టాలి.

కొన్ని జాగ్రత్తలు

అసలు కాగితం హాస్టల్‌కు తేవద్దు, నకలు మాత్రమే తెండి. ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ చూపవద్దు. జట్టులో విన్న సంగతి బయట చెప్పవద్దు. జీతానికి కుదిరిన బాల్యం, జోగినీగా మార్చబడిన మేనత్త, కరువులో పోయిన బిడ్డ వంటి సంగతులు వస్తాయి. చెప్పనని పెద్దలు అంటే మళ్ళీ అడగకండి. కళ్ళు తుడుచుకుంటే నోట్‌బుక్ మూసి పక్కన కూర్చోండి.

మనలో తల్లిదండ్రులు లేనివారూ ఉన్నారు. వారి వంశవృక్షంలో పెంచిన పెద్దమ్మ, చదివించిన మేనమామ ఉంటారు. ఆ కొమ్మకూ అంతే విలువ ఇవ్వాలి.

ఈ సంచిక చేతికందిన రోజే ఒక తెల్లకాగితం తీయండి. మీ పేరు, పైన అమ్మానాన్నల పేర్లు, ఆ పైన ఇరువైపులా తాత, అవ్వల పేర్లు రాయండి. ఎక్కడ కలం ఆగిందో అక్కడ ఒక గీత గీయండి. సెలవులకు ఇంటికి వెళ్ళగానే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.