తెలియక కాదు, కుదరక

చిరంజీవి అమ్మాయికి,

ప్రజారోగ్య పరిశోధనలో అడుగుపెడుతున్నావు. జనం టీకాలు ఎందుకు వేయించరని ఎవరిని అడిగినా ‘అవగాహన లేదండీ’ అనేస్తారు. నీ రిపోర్టులో ఆ మాట రాసే ముందు రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో జరిగిన ప్రయోగాన్ని ఒకటికి రెండుసార్లు చదువు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం సేవామందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 134 ఊళ్లలో చేసిన పని అది. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అంతకుముందు ఆ జిల్లాలో చేసిన సర్వేలో ఆరోగ్య ఉపకేంద్రాలు పనివేళల్లోనే సగానికి పైగా సార్లు మూసి కనిపించాయి. కూలి మానుకుని, చంటిబిడ్డను చంకనేసుకుని, ఎండలో నడిచొచ్చిన తల్లికి ఎదురయ్యేది తాళం కప్ప. ఒకవేళ సూది పడినా ఆ రాత్రి బిడ్డకు జ్వరం రావచ్చు, మర్నాటి కూలీ పోవచ్చు. రాకుండా ఆగిపోయిన జబ్బేమో ఎవరి కంటికీ కనపడదు.

ఆ ప్రయోగంలో మామూలుగా వదిలేసిన ఊళ్లలో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు 6 శాతమే. నెలనెలా చెప్పిన రోజున తప్పకుండా టీకా శిబిరం పెట్టిన చోట 18 శాతం. శిబిరంతోపాటు టీకాకో కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం పళ్లాలు ఇచ్చిన చోట 39 శాతం. టీకా ఎందుకో తల్లులకు చెప్పే కార్యకర్తలు ఆ రెండు రకాల శిబిరాలకూ ఉన్నారు. చెప్పిన మాట ఒకటే అయినప్పుడు, ఆ తేడా తెచ్చింది పప్పే కదా! పైగా శిబిరాలు పెట్టిన ఊళ్లలో మొదటి సూది చాలామంది పిల్లలకు పడింది. ఐదు విడతలూ పూర్తి చేసుకున్నవాళ్లే తక్కువ. టీకా అంటే గిట్టనివాళ్లు మొదటిసారే రారు.

ఇలా పప్పు ఇవ్వడం లంచం కాదా, డబ్బు దండగ కాదా అంటారు. ఒకరొచ్చినా యాభైమందొచ్చినా నర్సు ఆ పూటంతా కూర్చోవలసిందే. ఎక్కువమంది రావడంతో, పప్పు ఖర్చు కలుపుకున్నా, టీకాలు పూర్తయిన ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు సగానికి తగ్గింది. పప్పు ఆపేస్తే అలవాటు పోదా అనీ అడుగుతారు. పొగాకు మానడం లాంటి వాటికి ఆ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకు. చిన్నప్పటి టీకాలకు మాత్రం అది అంతగా వర్తించదు. ఐదు విడతలు గట్టెక్కితే పని అయిపోయినట్టే. అలాగని పప్పు సర్వరోగ నివారిణి అనుకోకు: 39 శాతం అంటే వందలో మిగిలిన 61 మంది ఇంకా బయటే ఉన్నారు. వాళ్లకు ఏది అడ్డమో ఊరూరా తిరిగి కనుక్కోవలసింది నీలాంటివాళ్లే.

అందుకని సర్వే ఫారంలో ‘ఈ టీకా గురించి తెలుసా’ అన్న ప్రశ్న కింద ఇంకో రెండు చేర్చు: పోయినసారి వెళ్లినప్పుడు కేంద్రం తెరిచి ఉందా, ఆ రోజు కూలి ఎంత పోయింది. జవాబులు వచ్చాక నాకూ పంపు.

మీ పెదనాన్న