పది రోజులు జరపమంటే ముప్పై రోజులు జరిగింది

మణుగూరులో పెరిగినవాళ్లకు షెడ్యూలు తప్పడమంటే ఏమిటో వివరించనక్కర్లేదు. వాన పట్టిందంటే సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి పని ఆగుతుంది, దాని వెనకున్నవన్నీ వాయిదా పడతాయి. ఇక్కడి భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన చేశారు. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగింటిలో మొదటిది 2020లో, చివరిది 2022 జనవరిలో ఉత్పత్తిలోకి వచ్చాయి. అంత పెద్ద పనిలో తేదీ మారినప్పుడల్లా వందల పనులను కొత్త తేదీలకు సర్దేవాళ్లు ఒకరుండాలి. వాళ్లే ప్లానింగ్ ఇంజినీర్లు. వాళ్ల చేతిలో ఉండేది ప్రిమావెరా, ఎంఎస్ ప్రాజెక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ, అందులో తప్పులు పట్టేవాళ్లకూ ఉద్యోగాలున్నాయి.

అలాంటి తప్పు ఎలా ఉంటుందో ఒక చిన్న లెక్కలో చూడండి. జూలై 1న కన్వేయర్ బెల్టు ఆపాలి, 3న రోలర్లు మార్చాలి, 7న ట్రయల్ రన్. ఒకటి అయ్యాకే ఇంకొకటి. మూడింటినీ ఎంచుకుని పది రోజులు జరపమన్నారు. ప్రోగ్రామ్ మొదటిదాన్ని 11కి జరిపింది, దాన్ని పట్టుకున్న మిగతా రెండూ పదేసి రోజులు కదిలాయి. సరిగ్గానే ఉంది. కానీ జాబితాలో తర్వాతి పేరు రోలర్లది కాబట్టి దానికి మళ్లీ పది కలిపింది, ట్రయల్ రన్‌ను మళ్లీ నెట్టింది. చివరికి ట్రయల్ రన్ వంతు వచ్చేసరికి దానికి మూడోసారి. జూలై 17న ఉండాల్సిన పని ఆగస్టు 6న తేలింది.

ఒక్క పనిని జరిపి చూసిన టెస్టర్‌కు ఇది కనపడదు. గుంపుగా జరిపితేనే బయటపడుతుంది. కోడ్ రాయడం కంటే ఈ చూపే ముందు అలవాటు కావాలని నా అభిప్రాయం. పని నడిచే తీరు తెలిసినవాళ్లకు ఆ చూపు త్వరగా వస్తుంది. ‘ఆదివారం డ్యూటీ (ప్లే డే) ఉంటే? సగం అయిపోయిన పని కూడా జరుగుతుందా?’ అని అడగడం సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్లకు కష్టమేమీ కాదు.

సరిచేయడం చిన్న పనే. ముందు పాత తేదీలన్నీ పక్కన రాసి పెట్టుకోవాలి. కొత్త తేదీని ఎప్పుడూ ఆ పాత తేదీ నుంచే లెక్కగట్టాలి, ఒక్కో పనికి ఒక్కసారే. ఎంచుకోని పని వెనక ఉంటే, ముందుది స్థిరపడ్డాకే దాని జోలికి వెళ్లాలి. అయిపోయిన పనిని ముట్టుకోకూడదు.

పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్, ఏది చదువుతున్నా దీన్ని పైథాన్‌లో యాభై లైన్లలో మీరే రాయొచ్చు. తప్పు వచ్చే కోడ్, ఆ తప్పును పట్టే టెస్టు, సరిచేసిన కోడ్, ఈ మూడూ గిట్‌హబ్‌లో విడివిడిగా పెట్టండి. ఆ తర్వాత గాంట్‌ప్రాజెక్ట్, ఓపెన్‌ప్రాజెక్ట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు నివేదించిన తప్పులు చదవండి. రెజ్యూమెలో ‘టీమ్ ప్లేయర్’ తీసేసి ఆగస్టు 6 కథ రెండు వాక్యాల్లో రాయండి.

ఇంటర్వ్యూలో దాని తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఖాయం: రెండొందల పనుల్లో నూరు జరిగాక కరెంటు పోతే? జవాబు డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో ఉంది, దాని గురించి ముందు రాత్రే చదువుకుని వెళ్లండి.