ఏది వద్దో ముందు తేల్చుకోండి

సెర్చ్‌లో 'చందమామ' అని కొట్టి చూడండి. మీకు కావలసింది 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పిల్లల పత్రిక. వచ్చేవాటిలో 2007 నాటి సినిమా ఉంటుంది, దాని పాటలుంటాయి, ఆకాశంలోని చంద్రుడుంటాడు, పసిపిల్లల వీడియోలుంటాయి. సెర్చ్ ఇంజిన్ తప్పేమీ చేయలేదు. మీరొక మాట ఇచ్చారు, ఆ మాటను లోకం ఎన్ని రకాలుగా వాడుతోందో అది తెచ్చి ముందు పోసింది. ఏది వద్దో మీరు చెప్పలేదు.

చెప్పడం నిమిషం పని. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెట్టండి, గుర్తుకూ మాటకూ మధ్య ఖాళీ వదలకండి. చందమామ పత్రిక -సినిమా -పాటలు అని కొడితే సగం చెత్త పోతుంది. రెండు మాటలు పక్కపక్కనే ఉన్న పేజీలే కావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. తెలుగులో ఇక్కడొక చిక్కుంది. మాట చివర 'లో', 'కి', 'ను' అతుక్కుపోతాయి కదా, కొటేషన్లలో ఒక రూపమే ఇస్తే మిగతా రూపాలున్న పేజీలు జారిపోవచ్చు. రెండు మూడు రూపాలతో విడివిడిగా వెతకండి. గూగుల్‌లో 'టూల్స్' నొక్కితే గత నెల, గత ఏడాది అని కాలాన్ని కూడా ఎంచుకోవచ్చు. ఫీజులు, వీసా నిబంధనలు, నోటిఫికేషన్లు వెతికేవాళ్లు ఇది అలవాటు చేసుకోవాలి. మూడేళ్ల కిందటి పేజీ నమ్మి దరఖాస్తు పెడితే నష్టపోయేది మనమే.

వీటన్నిటిలో పదునైనది సైట్ ఆపరేటర్. ఇంగ్లిష్‌లో సైట్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా డొమైన్ రాస్తే ఆ ఇంటి ఫలితాలే వస్తాయి. జీఓవీ డాట్ ఐఎన్ మన దేశంలో ప్రభుత్వ సంస్థలకే ఇచ్చే చిరునామా. డాట్ ఈడీయూ అయితే 2001 నుంచి అమెరికాలో గుర్తింపు ఉన్న ఉన్నత విద్యాసంస్థలకే ఇస్తున్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివే అమ్మాయి సిలబస్ మారిందా లేదా అని పది కోచింగ్ పేజీలు తిరగనక్కర్లేదు, ప్రభుత్వ చిరునామాలోనే వెతికితే చాలు. ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాలనుకునే గుంటూరు కుర్రాడు కూడా అంతే. కన్సల్టెన్సీల ప్రకటనలన్నీ పక్కకు తోసి, యూనివర్సిటీ తన ఫీజు గురించి తనే రాసుకున్న పేజీ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఈ ఒక్క అలవాటు వల్ల ఇంట్లోవాళ్ల డబ్బు ఎంత మిగులుతుందో చెప్పలేను.

ఎంత వడపోసినా సెర్చ్‌ను నమ్మకూడని చోటు ఒకటుంది. బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కోసం దయచేసి గూగుల్‌లో వెతకకండి. మోసగాళ్లు దొంగ నంబర్లు పెట్టుకుని కాచుకుని ఉంటారు. మీ కార్డు వెనక నంబర్ ఉంది, పాస్‌బుక్ మీద ఉంది, బ్యాంకు యాప్‌లో ఉంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఈ నాలుగు ముక్కలూ ఇవాళే అమ్మకు, నాన్నకు, అత్తయ్యకు చెప్పండి.

ప్రతిసారీ మైనస్‌లు కొట్టడం విసుగు. ఫలానా సైట్ ఎప్పటికీ కనిపించకూడదు అనుకుంటే? 2011లో గూగుల్ ఆ వీలు కల్పించింది, తర్వాత తీసేసింది. ఇప్పుడైతే బ్రౌజర్‌కు 'యూబ్లాక్‌లిస్ట్' అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, వద్దన్న సైట్లను ఫలితాల్లోంచే తొలగించుకోవచ్చు. డబ్బు కట్టి వాడే సెర్చ్ ఇంజిన్ 'కాగి' ఇంకో అడుగు ముందుకేసింది. ఒక సైట్‌ను పూర్తిగా ఆపొచ్చు, కిందికి నెట్టొచ్చు, పైకి తేవచ్చు. 'బ్రేవ్ సెర్చ్' 2022లో 'గాగుల్స్' పేరుతో ఎవరి వడపోత నియమాలు వాళ్లే రాసుకునే ఏర్పాటు చేసింది.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. జల్లెడ చేతికి వచ్చాక మనం ఏం జల్లిస్తున్నాం? కాపీ కొట్టి బతికే సైట్‌ను ఆపండి. హెడ్డింగ్‌లో ఒకటి, లోపల ఇంకొకటి రాసేవాళ్లను ఆపండి. మీకు నచ్చని పార్టీ గురించి మంచి రాసిందని, మీ అభిమాన హీరో సినిమా బాగాలేదందని ఒక సైట్‌ను ఆపితే మాత్రం మీరు చెత్త తీసేయలేదు, కిటికీ మూసుకున్నారు. 2009 డిసెంబరు నుంచి గూగుల్ లాగిన్ కానివాళ్లకు కూడా పాత వెతుకులాటల్ని బట్టి ఫలితాలు మార్చడం మొదలుపెట్టింది. ఇలాంటి మార్పుల వల్ల మన అభిప్రాయాలే మన చుట్టూ బుడగలా మూసుకుపోతాయని ఎలై పారిసర్ 2011లో 'ది ఫిల్టర్ బబుల్' అనే పుస్తకం రాశారు. ఆయన భయంలో నిజం పాలెంత అన్నదానిపై వాదాలున్నాయి. కానీ కంపెనీ చేసినా చేయకపోయినా, ఆ బుడగను మనమే ఊది కట్టుకోవడం మరీ ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను.

కంటికి కనిపించని వడపోత ఇంకొకటుంది: మనం అడిగే తీరు. 'కీటో డైట్ లాభాలు' అని అడిగితే లాభాలే వస్తాయి. 'కీటో డైట్ నష్టాలు' అని కొట్టండి, వేరే లోకం కనిపిస్తుంది. ఒక కోర్సులో చేరే ముందు, ఒక స్థలం కొనే ముందు, ఒక మందు మానేసే ముందు మనకు ఇష్టమైన జవాబునే ప్రశ్నలో పెట్టి అడుగుతుంటాం. అలాంటి నిర్ణయాల ముందు రెండు వెతుకులాటలు చేయండి, రెండోది మీ కోరికకు పూర్తిగా ఎదురుగా ఉండాలి. మందుల విషయంలో ఆ రెండూ చదివి డాక్టర్ దగ్గరికే వెళ్లండి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ.

ఆపేసిన సైట్ల జాబితాను అప్పుడప్పుడూ తెరిచి చూడండి. ఒక్కో పేరు దగ్గర ఆగి, దీన్ని అబద్ధం రాసిందని ఆపానా, నాకు నచ్చనిది రాసిందని ఆపానా అని అడగండి. రెండో రకం వాటిని తిరిగి రానివ్వండి.