రోగుల వివరాలు – పౌనఃపున్య పట్టిక
(బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

సాంఖ్యక శాస్త్రం ప్రాక్టికల్స్‌లో మొట్టమొదట నేర్పేది పౌనఃపున్య పట్టిక. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత – ఐదు. మా నాన్న ధాన్యం బస్తాలు లారీకెత్తించేటప్పుడు గోడమీద బొగ్గుతో వేసే గీతలూ యివే. ఇందులో నేర్చుకోవలసిందేముందని నేనూ అనుకున్నాను. రోగుల వివరాలతో కంప్యూటరు మీద పట్టిక వేశాక ఆ అభిప్రాయం మారింది.

'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990 దశకంలో దీన్ని రూపొందించారు. దీనిలోని 'సర్వైవల్' ప్యాకేజీలో 'పీబీసీ' అనే దత్తాంశం వుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1974–84 మధ్య ఒక కాలేయ వ్యాధిపై జరిగిన అధ్యయనంలోని 418 మంది రోగుల వివరాలవి.

ముందుగా లింగం వున్న వరుసను 'టేబుల్' అనే ఆజ్ఞకిద్దాం. పురుషులు 44, స్త్రీలు 374 అని క్షణంలో వస్తుంది. మొత్తం 418 సరిపోయింది. ఇక వ్యాధి దశకు అదే ఆజ్ఞ యిస్తే 21, 92, 155, 144 వస్తాయి. కూడి చూడండి – 412. మిగతా ఆరుగురేరీ?

వాళ్ళ దశ నమోదు కాలేదు. ఖాళీ గళ్ళను 'టేబుల్' తనంతట తాను లెక్కించదు, లెక్కించలేదని చెప్పదు కూడా. 'యూజ్ ఎన్ఏ' అన్నచోట 'ఆల్వేస్' అని రాస్తే వాళ్ళు కనబడతారు. అప్పుడు పట్టిక యిలా వుండాలి:

దశ – సంఖ్య – మొత్తంలో శాతం – తెలిసినవారిలో శాతం
1 – 21 – 5.0 – 5.1
2 – 92 – 22.0 – 22.3
3 – 155 – 37.1 – 37.6
4 – 144 – 34.4 – 35.0
తెలియదు – 6 – 1.4 – లేదు

ఆరుగురే కాబట్టి యిక్కడ తేడా స్వల్పం. జలోదరం వరుస చూడండి: వున్నవారు 24, లేనివారు 288, వివరం లేనివారు 106. ఇరవైనాలుగును 312 చేత భాగిస్తే 7.7 శాతం, 418 చేత భాగిస్తే 5.7 శాతం. రెండో లెక్కలో ఆ 106 మందికీ జలోదరం లేదని మనమే తీర్మానించినట్లయింది. అందుకే ఏ మొత్తంతో భాగించామో పట్టిక కిందనే రాయాలి.

వయస్సుకు తరగతులు కావాలి. దానికి 'కట్' అనే ఆజ్ఞ వుంది. 30, 40, 50 అని హద్దులిస్తే, సరిగ్గా 40 ఏళ్ళవారిని అది 30–40 తరగతిలో వేస్తుంది. మనం క్లాసులో నేర్చుకునే మినహాయింపు పద్ధతిలో వాళ్ళు 40–50లోకి రావాలి. 'రైట్' అన్నచోట 'ఫాల్స్' అని రాస్తే సరిపోతుంది. పీబీసీలో చాలా వయస్సులు దశాంశాలతో వున్నాయి గనుక చిక్కు తక్కువ. మనవైపు అలా కాదు. పుట్టినతేదీ తెలియని పెద్దవాళ్ళు నలభై, యాభై, అరవై అంటారు. జనాభా లెక్కల్లోనూ 0, 5తో ముగిసే వయస్సులు పోగుపడతాయి. దాన్ని కొలిచేందుకే విపుల్ సూచిక అనేది వుంది.

నిరుడు నాట్ల బురదలో నాని వేళ్ళసందులు పుండ్లుపడితే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చీటీరాసే ఆయన వయస్సడిగాడు. "నలభయ్యో ఏమో, రాసుకోండయ్యా" అంది అమ్మ. మా అక్క వయస్సునుబట్టి చూస్తే అమ్మకు నలభైనాలుగు. వృత్తి ఏమిటని ఆయన అడగలేదు, గృహిణి అని రాసేశాడు. పక్కనే వున్న నేనూ నోరెత్తలేదు.

ఆ చీటీలతో రేపెవరైనా పట్టిక వేస్తే, ఈ పుండ్లు ఇంటిపట్టునుండే ఆడవాళ్ళకు వస్తున్నట్లు తేలుతుంది. పొలం, బురద, కూలి ఏ గడిలోనూ వుండవు. కూడికలు మాత్రం సరిగ్గానే వుంటాయి. ఖాళీ గడినైతే కంప్యూటరు చేత చూపించుకోవచ్చు. తప్పుగా నింపిన గడిని అది పట్టుకోలేదు.

మిత్రులారా, మనలో కొందరైనా రేపు ల్యాబుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తాం. పట్టిక మొత్తం రోగుల సంఖ్యతో సరిపోయిందో లేదో చూడండి. తెలియనివారికి ఒక గడి వుంచండి. చీటీ రాసే కుర్చీలో కూర్చున్న రోజున, "ఏం పని చేస్తావమ్మా?" అని ఒక్కమాట అడిగి రాయండి.