మిరప కోతల్లో చేతి తిమ్మిర్లా? కారణం తెలుసుకోండి

చర్ల, దుమ్ముగూడెం వైపు మిరప కోతలు ముగిసేసరికి తునికాకు వస్తుంది. పొద్దంతా కాయ తెంపిన చెయ్యే మళ్ళీ 50 ఆకులకో కట్ట కట్టాలి. ఆ రోజుల్లో అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోందా? లేచి విదిలిస్తే నెమ్మదిస్తోందా? నొప్పుల సూదికి పరుగెత్తకండి. ముందు ఏ వేళ్ళకు తిమ్మిరో చూసుకోండి.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు సగం మొద్దుబారి, చిటికెనవేలు బాగుంటే మణికట్టులో నరం నలుగుతున్నదని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోం అంటారు. మణికట్టు ఎముకలకూ, పైనున్న గట్టి పట్టీకీ మధ్య తూములాంటి ఇరుకు దారి ఉంటుంది. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, ఒక నరం అందులోంచే పోతాయి. లోపల వాపు వస్తే ముందు నలిగేది నరమే.

రెండు చేతుల వెనుకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి ఉండేలా మణికట్లు వంచి నిమిషం ఉంచండి. ఆ వేళ్ళకే తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. రాకపోయినా జబ్బు లేదని కాదు.

ఇక వాపు ఎందుకొచ్చింది? అందరం పని మీదికే తోసేస్తాం. పనీ కారణమే. అయితే షుగరు ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది. ఒళ్ళు బరువెక్కి, చలికి తట్టుకోలేక, ఊరికే అలసట వస్తుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. తక్కువుంటే మాత్రలతో తిమ్మిరి కూడా తగ్గవచ్చు. పొద్దున్నే వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోతే కీళ్ళవాతం చూడాలి. గర్భిణులకు నెలలు నిండే రోజుల్లో వచ్చేది చాలావరకు కాన్పు తర్వాత పోతుంది. చెట్టు మీంచి పడి మణికట్టు విరిగి, వెంటనే వేళ్ళు మొద్దుబారితే మాత్రం నాటుకట్టు కట్టించుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

చిటికెనవేలు మొద్దుబారితే అది వేరే నరం. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే పీహెచ్‌సీలో కుష్ఠు పరీక్ష అడగండి. సిగ్గుపడే పని లేదు, మందులు ఉచితం.

కారణానికి మందు వాడుతూనే, రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవాలి. కనీసం ఆరు వారాలు. బిగించి కట్టకూడదు. తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది అలవాటున్న డాక్టరే ఇవ్వాలి. షుగరు ఉంటే ముందే చెప్పండి, కొన్ని రోజులు పెరుగుతుంది. వాతలు పెట్టించుకుంటే పుండ్లు మిగులుతాయి, నరం అలాగే ఉంటుంది.

టీ గ్లాసు జారిపోతున్నా, గుండీ పెట్టలేకపోతున్నా, బొటనవేలి కింది కండ పలచబడినా ఆగవద్దు. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోనో, ఖమ్మం ప్రభుత్వాసుపత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఆ గట్టి పట్టీని కోసి దారి వెడల్పు చేస్తారు. సాధారణంగా చెయ్యి వరకే మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్ ఇది. కండ కరిగాక చేయిస్తే పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కోతలు అయ్యాక చూద్దాంలే అని చాలామంది పోగొట్టుకునేది ఆ పట్టునే.