ఇగ్వానా కోలుకోదని డాక్టరు చెప్పాక: తరచూ అడిగే ప్రశ్నలు

వైద్యం ఆపితే నేరమవుతుందా?

ఆపినంత మాత్రాన కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి తప్ప ప్రతి ప్రాణీ. బల్లి జాతులూ అందులోకే వస్తాయి. పెంచేవారు దాని క్షేమం చూడాలని, అనవసరమైన బాధ కలగనీయకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. ఫలితం లేని ఖరీదైన వైద్యం మానుకోవడం వేరు, తిండీ నీళ్లూ లేకుండా పెట్టెలో వదిలేయడం వేరు. ఈ రెండోది 11వ సెక్షన్ కింద నేరం. ఆకలిదప్పులతో మాడేలా చెరువు గట్టునో, పార్కులోనో వదిలేసి రావడమూ అంతే.

ఎప్పుడు ఆపాలి?

ముందు వేడి చూడండి. ఇది బయటి వేడి మీద బతికే ప్రాణి. డిసెంబరు చలిలో కరెంటు పోయి లైటు ఆరితే, బాగున్న ఇగ్వానా కూడా కొన ఊపిరితో ఉన్నట్టే కనిపిస్తుంది. తగినంత వెచ్చబడ్డాకే దాని పరిస్థితి అంచనా వేయాలి.

తర్వాత జబ్బేమిటో తేల్చుకోండి. యూవీబీ లైటు, కాల్షియం చాలక ఎముకలు మెత్తబడితే, తొలిదశలో పట్టుకుంటే చాలావరకు కోలుకుంటుంది. అక్కడ తొందరపడి ఆశ వదులుకోవద్దు. పెద్ద వయసు ఇగ్వానాల్లో కిడ్నీ జబ్బు సంగతి వేరు. లక్షణాలు పైకి తేలేసరికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

‘ఇంకా బతికే ఉంది కదా’ అనేది ఆధారం కాదు. ఇగ్వానా తిండి లేకుండా చాలా రోజులు నెట్టుకొస్తుంది. నొప్పి ఉన్నా అరవదు. తల ఎత్తుతోందా, లైటు కిందికి తనంతట తాను వెళ్తోందా, గొట్టంతో పోయకపోయినా ఏమైనా నములుతోందా, కాళ్లు వణుకుతున్నాయా అని రోజూ రాసి పెట్టుకోండి. కోలుకునే అవకాశం ఎంత, నొప్పికి ఏం ఇస్తున్నారు, ఏ తేదీకి మార్పు కనిపించాలి అని డాక్టరును అడగండి. ఆ తేదీకి కూడా దిగజారుతూనే ఉంటే, సాగదీయడం దాని కోసం కాదు, మన కోసం.

నిర్ణయం ఎవరిది? కోర్టు అనుమతి కావాలా?

నిర్ణయం పెంచుతున్నవారిదే. మీ సమ్మతితో రిజిస్టరైన పశువైద్యులు చేసే కారుణ్య మరణానికి కోర్టుకు వెళ్లనక్కర్లేదు. జంతు హింస నివారణ చట్టం 13వ సెక్షన్‌లో కనిపించే కోర్టు, పోలీసు ఉత్తర్వులు హింస కేసులకు, యజమాని లేని లేదా ఒప్పుకోని సందర్భాలకు సంబంధించినవి. రెండో డాక్టరును అడిగే స్వేచ్ఛ మీకుంది. ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు తీసుకుని వెళ్లండి. సరీసృపాలు చూసేవారు తక్కువ కనుక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఫ్రీజర్‌లో పెడితే నొప్పి తెలియకుండా పోతుందంటారు, నిజమేనా?

కాదు, దయచేసి ఆ పని చేయకండి. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఇంత పెద్ద బల్లులకు దాన్ని ఒప్పుకోవు. తల నరకడమూ అంతే, ఆక్సిజన్ అందకపోయినా సరీసృపాల మెదడు కొంతసేపు పనిచేస్తుంది. క్రూరంగా చంపడం 11వ సెక్షన్ కింద నేరం కూడా. సరైన పద్ధతిలో ముందు పూర్తి మత్తు ఇస్తారు, తర్వాత ప్రాణం తీసే ఇంజెక్షన్. గుండె ఆ తర్వాత కూడా కొట్టుకోవచ్చు కాబట్టి డాక్టరు నిర్ధారించేదాకా తొందరపెట్టకండి.

అటవీ శాఖకు చెప్పాలా?

గ్రీన్ ఇగ్వానా, వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలోని జీవి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మరణాన్నీ అక్కడే తెలపాలి, అందుకే డాక్టరు దగ్గర కాగితం తీసుకోండి. ఉడుము మాత్రం ఇదే చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, ఇంట్లో పెంచకూడదు. గాయపడినది కనబడితే అటవీ శాఖకు కబురు పెట్టండి.

తర్వాత శరీరాన్ని ఏం చేయాలి?

ఇంజెక్షన్ మందు శరీరంలో మిగిలిపోతుంది. పైపైన పాతితే తవ్వి తిన్న కుక్కలు, కాకులు చనిపోవచ్చు. లోతుగా పాతండి, లేదా క్లినిక్‌కే అప్పగించండి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటుకునే ప్రమాదం ఉంది కనుక గ్లవ్స్ వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, పెట్టెను వంటగది సింకులో మాత్రం కడగొద్దు.